గేదెకు తెలిసిన సి.సి. లెక్క

కొత్తగా తయారగు ద్విచక్రవాహనముల కన్నిటికిని ఏ.బి.ఎస్. తప్పనిసరి చేయవలెనని కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వశాఖవారు 2025 జూనులో వెలువరించిన ముసాయిదాను చూచి, చిన్నబండ్లకు అంతటి బ్రేకు లెందుకనియు, వానివలన ధర పెరిగి సామాన్యుడు బండి కొనలేకపోవుననియు వాహన పరిశ్రమవారు మొరపెట్టుకొనుచున్న సంగతి పాఠకులు ఈపాటికి చదివియే యుందురు. ఆ మొరలో నాకు మిక్కిలి నచ్చినది ధరను గూర్చిన భాగము కాదు. ధర మాట ఎవరైనను చెప్పుదురు. చిన్నబండి నెమ్మదిగా పోవును గావున దానికి వచ్చు ఆపదయు చిన్నదిగానే వచ్చునను తత్త్వ మొకటి ఆ విన్నపముల యడుగున అంతర్వాహినిగా ప్రవహించుచున్నదే, అది నన్ను ముగ్ధుని గావించినది.

ఈ తత్త్వము కొత్తది గాదు. 2019 ఏప్రిలు 1 నుండి మన నిబంధనలు దీనిని పాటించుచునే యున్నవి. 125 సి.సి.కి పైబడిన బండికి ఏ.బి.ఎస్. ఉండవలెను, దానికి లోబడిన బండికి, వెనుక బ్రేకు తొక్కినపుడు ముందు బ్రేకుకూడ కొంత పట్టునట్లు రెంటిని ముడివేసిన సి.బి.ఎస్. చాలును. మొదటిది చక్రము బిగిసిపోబోవు క్షణమును కనిపెట్టి, పట్టును సడలించి మరల బిగించుచు, సెకనులో పలుమార్లు ఆ పని చేసి బండిని జారనీయదు. రెండవది రెండు చక్రములకును బలమును పంచునేగాని, బిగిసిపోయిన చక్రమును విడిపింపజాలదు. అనగా, 125 అను అంకెకడ రహదారిపై ఒక గీత గీయబడినది. ఆ గీతకు ఈవల నున్నవానికి ఇసుక జారదు, వాన తడుపదు, గేదె అడ్డము రాదు.

గేదె సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. సాయంకాలము చెరువునుండి ఇంటిదారి పట్టిన గేదె తారురోడ్డు దాటబోవుచు ఒక్కక్షణ మాగి, ఎదురుగా వచ్చు బండివంక చూచుట మీరు గమనించియే యుందురు. మనము దానిని మందబుద్ధి యనుకొందుము. అది లెక్క వేయుచున్నది. ఇంజను చప్పుడునుబట్టి ఇది నూరు సి.సి. బండి యనియు, ముందు చక్రమునకు డ్రమ్ము బ్రేకేయనియు, నడుపువాని ముందు ట్యాంకుపై ఒక పిల్లయు, వెనుక భార్యయు, ఆమె యొడిలో చంటివాడును, హ్యాండిలుకు కూరల సంచియు గలవనియు గ్రహించి, "పాపము, సి.బి.ఎస్. వాడు" అని జాలిపడి ఒక యడుగు వెనుకకు వేయుచున్నది. అదే 150 సి.సి. బండి యైనచో, వానికి సెన్సారు లున్నవి గావున, నిశ్చింతగా నడిరోడ్డున నిలిచి నెమరు వేయును. గేదె కీపాటి వాహనజ్ఞానము లేదందురేని, బ్రేకులను ఇంజను పరిమాణమునుబట్టి పంచిపెట్టుటకు వేఱొక శాస్త్రీయ కారణము నాకు తోచుట లేదు.

ఐనను అన్ని గేదెలును సమానముగా చదువుకొన్నవి కావు. కావున ప్రతి ఆర్.టి.ఓ. కార్యాలయమునందును పశువులకు వేఱుగా ఒక కిటికీ తెఱచి, ముందు ఎల్.ఎల్.ఆర్. ఇచ్చి, నెల గడచినపిమ్మట పరీక్ష పెట్టి, నూటపది, నూటపాతిక, నూటయేబది బండ్లను చెవితో గుర్తుపట్టగలిగిన గేదెకే రోడ్డు దాటు లైసెన్సు ఇయ్యవలెనని నా వినయపూర్వకమైన సూచన. దళారి వెంటబెట్టుకొని వచ్చిన గేదెకు ఎనిమిది అంకె తిరుగకయే లైసెన్సు చేతికి వచ్చునను అనుమానము నాకు లేకపోలేదు. ఐనను ఇప్పటికి మనుష్యులతో నెట్టుకొని వచ్చుచున్నాము గదా.

గేదెలతో పని తీరదు. కోతలకాలమున రోడ్డుమీద ఆరబోసిన వడ్ల చుట్టు రాత్రివేళ పేర్చియుంచు బండరాళ్ళకును శిక్షణ కావలెను: నూరు సి.సి. బండి దీపము దూరమున కనబడినంతనే అవి రెండు గజములు ప్రక్కకు తొలగి, అది పోయినపిదప మరల తమ స్థానములకు రావలెను. రంగు వేయక వదలిన స్పీడు బ్రేకరు చిన్నబండిని చూడగనే నడుము వంచి సమతలము కావలెను. తొలకరి చినుకు, రోడ్డుమీద ఎండకాలమంతయు పేరుకొన్న నూనెజిడ్డును పైకి తేల్చునపుడు, చిన్నబండ్లు పోవు ఎడమప్రక్కను విడిచి పెద్దబండ్లు పోవు కుడిప్రక్కనే కురియునట్లు వాతావరణశాఖవారు ఏర్పాటు చేయవలెను. లారీ విషయమున మాత్రము నాకు ఆశ లేదు. అది దేనిని లెక్కచేయదు.

ఇక దీపము. ఏ.బి.ఎస్. గల బండి మీటరునందు పసుపుపచ్చని చిన్నదీప మొకటి యుండును. తాళము త్రిప్పగనే వెలుగును. బండి కదలి కొంచెము వేగ మందుకొనగనే ఆరిపోవును. ఆరిపోవుటయే దాని ఆరోగ్యలక్షణము. ఆరక వెలుగుచునే యున్నచో, మామూలు బ్రేకు పట్టుచున్నను, చక్రమును బిగియనీయని రక్షణ తప్పుకొన్నదని గ్రహింపవలెను. కారణములు తఱచు స్వల్పములే: చక్రము ప్రక్కనుండు సెన్సారుపై బురద గట్టుట, పంచరు వేయుటకు చక్రము నూడదీసినపుడు పళ్ళ వలయము వంగుట, బ్యాటరీ నీరసించుట, దాని కొనలపై తెల్లనిపొడి పేరుకొనుట, ఫ్యూజు పోవుట, హ్యాండిలు తిరుగుచోట తీగ ఒరసి ఒరసి తెగుట. తడిగుడ్డతో తుడిచినంతనే నయమగు జబ్బులుకూడ వీనిలో గలవు.

అట్లు చికిత్స చేయు మంచి మెకానిక్కు లున్నారు. కాని వీథిచివరి షెడ్డున బహుకాలముగా ప్రచారములో నున్న వైద్యము వేఱు. అచ్చటి వైద్యుడు మీటరుపై దుమ్మును బొటనవ్రేలితో తుడిచి, దీపమువంక ఒకసారి చూచి, "సెన్సార్ కంప్లైంటన్నా, అందరికీ వస్తది, ఏంగాదు" అని ధైర్యము చెప్పి, నల్లని ఇన్సులేషను టేపు చుట్టనుండి గోరంత ముక్కను పంటితో కొఱికి, ఆ దీపముపై అంటించి, అద్దము పగులునట్లు నొక్కును. దీపము కనబడదు, జబ్బు నయమైనది. ఆ క్షణముననే, లక్షకు పైబడి వెచ్చించి కొన్న పెద్దబండి 125 గీతను దాటి ఈవలికి వచ్చి పేదబండ్ల పంక్తిని కూర్చుండును. ఈ స్థానభ్రంశము గేదె కెవరు తెలుపవలెను? ఇంజను చప్పుడు పెద్దదే. టేపుముక్క దానికి కనబడదు. పెద్దబండి యని నమ్మి నడిరోడ్డున నిలుచును. కావున దీపముపై టేపు అంటించుకొన్న ప్రతివాడును ఆ సంగతిని సమీపమునందలి పశువైద్యశాలకు లిఖితపూర్వకముగా తెలియజేయవలెనని నిబంధన చేయుట మంచిది.

చిన్నబండి యజమాని కీ బెడద లేదు. లేని రక్షణ చెడిపోదు. చెడిపోనిదానికి హెచ్చరిక దీపముతో పనిలేదు. దీపమే లేనిచోట టేపు ఖర్చుకూడ కలిసివచ్చును. సామాన్యునిపై పరిశ్రమవారికి గల దయ ఇంత లోతైనదని నేను మొదట గ్రహింపలేకపోతిని.

మనవారు దీపములను పట్టించుకొనరని మాత్రము అనరాదు. 2017 ఏప్రిలు నుండి కొత్తబండ్ల ముందుదీపము ఇంజను నడచినంతసేపును పగలుకూడ వెలుగునట్లే చేయబడుచున్నది. దాని నార్పు మీట బండిలోనే లేదు. ఐనను ఎదురుగా వచ్చు ప్రతి పుణ్యాత్ముడును ఐదువ్రేళ్ళు ముడిచి విప్పుచు "లైటు, లైటు" అని సైగ చేసియే పోవును. వెనుక బ్రేకులైటు నెలల తరబడి వెలుగుట లేదని చెప్పువాడు మాత్రము కనబడడు. వెనుకనుండి వచ్చి గ్రుద్దినవాడు చెప్పును.

ఐరోపాలోను 125 సి.సి.వరకు ఏ.బి.ఎస్. గాని సి.బి.ఎస్. గాని చాలునను నియమము గలదు గదా యని పరిశ్రమవా రనవచ్చును. గలదు. అచ్చట ఆ బండి చాలచోట్ల పదునాఱేండ్ల కుఱ్ఱవాడు తొలుత ఎక్కునట్టిది. ఇచ్చట అది సంసారమునంతయు మోయునట్టిది. తెల్లవారుజామున పాలక్యానులు మోయును, పగలు అన్నపు పొట్లములను ఇంటింటికి చేర్చును, మాపటికి తాపీమేస్త్రీని, అతని కూలీల నిద్దఱిని, పారను, తట్టను మోసికొని తడిరోడ్డున ఇంటికి వచ్చును.

గేదెకు ఏ లెక్కయు తెలియదు. తడిసిన తారునకును తెలియదు. 2022లో ఈ దేశపు రోడ్లమీద 1,68,491 మంది చచ్చిపోయిరని ప్రభుత్వమే ప్రకటించినది. అందు నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములమీది వారు. ఈ దేశమున అమ్ముడుపోవు ద్విచక్రవాహనములలో హెచ్చుభాగము 125 సి.సి.కి లోబడినవే. అమ్మకముల సంగతి తెలిసియుండియే 2019 నుండి ఆ గీతను అమలుపఱచినారు, చావుల లెక్క తెలిసిన పిమ్మటను దానివంక చూచుచు కూర్చుండినారు. ధర పెరుగుననుట అబద్ధము కాదు. ముందు డ్రమ్ము తీసి డిస్కు పెట్టవలెను, సెన్సారు, వాల్వులు, వాని నడుపు కంట్రోలు పెట్టవలెను. ఇవి ఊరక రావు. పరిశ్రమవారలారా, ఆ భారము తగ్గుటకు పన్ను తగ్గింపుమని అడుగుడు, నేనును సంతకము చేయుదును. కాని ఇదే నూటపది సి.సి. బండి హ్యాండిలుపై, ఫోను చేసినవాని పేరు చూపు తెరను బిగించి ధర పెంచిననాడు, సామాన్యుని జేబు మీలో ఎవ్వరికిని గుర్తురాలేదే! బంగారురంగు స్టిక్కరునకు పెరిగిన ధర మోజు. ట్యాంకుపై కూర్చుండిన పిల్ల ఎగిరి లారీచక్రము క్రింద పడకుండుటకు పెరుగు ధర భారము! వాడు పేదవాడు గావున వానికి తక్కువ బ్రేకు చాలునని చెప్పుటకు మీకు నోరెట్లు వచ్చినది?

గడువు పొడిగింపుమని మీరు వ్రాయు అర్జీలలో ధర ఎంత పెరుగునో, అమ్మకము లెంత తగ్గునో తెలుపు గడు లెట్లును ఉండును. వాని ప్రక్కన మూడవ గడి గీచి, పొడిగించిన ప్రతి నెలకును ఎందఱు చచ్చిన ఫరవాలేదో అంకె వేసి, దానిక్రింద సంతకము పెట్టి పంపుడు.