అందరూ తప్పంటారు, అయినా చెబుతున్నా

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి మా గేటు గడియ చప్పుడవుతూనే ఉంటుంది. ముప్పయ్యేళ్లకు పైగా ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరయ్యాను. ఊళ్లో పిల్లలు మార్కుల మెమో పట్టుకుని వస్తారు, వెనకాలే తల్లో తండ్రో. నేను చెప్పే మాటల్లో చాలావాటికి పెద్దవాళ్లు తల అడ్డంగా ఊపుతారు. వాళ్లు ఊపినా సరే, ఆ మాటల్లో ఒక్కదాన్నీ మార్చుకోను. అందుకే ఇక్కడ రాసిపెడుతున్నాను.

నాన్నా, ముందు సాయం అడగడం నేర్చుకో. "నీ కాళ్ల మీద నువ్వు నిలబడు, ఎవరి దగ్గరా చెయ్యి చాచకు" అని మీ నాన్న చెప్పి ఉంటాడు. ఆయన ఆత్మాభిమానం మీద నాకు గౌరవం ఉంది. కానీ మన వైపు చదువుకుని పైకొచ్చిన ఏ పెద్దమనిషి కథ తీసుకున్నా దాని వెనక ఎవరో ఒకరు అన్నం పెట్టినవాళ్లుంటారు. టంగుటూరి ప్రకాశం పంతులు గారికి చిన్నప్పుడే తండ్రి పోయాడు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే మాస్టారు ఆ పిల్లవాణ్ణి చేరదీసి రాజమండ్రి తీసుకెళ్లి చదివించాడు. ఆ తల్లి పొయ్యి, ఆ మాస్టారి చెయ్యి లేకపోతే 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రిగా మరో పేరు వినేవాళ్లం.

మన తాతల కాలంలో వారాలు చేసుకుని చదువుకోవడం అని ఉండేది. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం మరొకరింట్లో. అలా ఏడిళ్ల అన్నం తిని పట్నంలో చదువు పూర్తి చేసేవాళ్లు. దాన్ని ఎవరూ అడుక్కోవడం అనలేదు. అయితే ఆ వారాలు అందరికీ దొరకలేదు. కొన్ని కులాల పిల్లలను ఆ అరుగుల మీద కూర్చోనిచ్చిన వాళ్లే లేరు. వాళ్ల కోసం అంబేద్కర్ పట్టుబట్టగా 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వచ్చింది. ఆయన కూడా 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే కొలంబియా వెళ్లాడు. 1971లో పీవీ చొరవతో సర్వేల్‌లో గురుకులం పెట్టారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008లో వచ్చింది. నా లెక్కలో ఇవన్నీ వారాలే, వడ్డించే చెయ్యి మాత్రం సర్కారుది. తినడానికి సిగ్గుపడకు.

నీ బాధ్యత ఎక్కడ మొదలవుతుందో కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది పిల్లలు జారేది అక్కడే. ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే 75 శాతం హాజరు ఉండాలి. ఆదాయ ధ్రువపత్రం గడువు చూసుకోవాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకైందో లేదో నువ్వే వెళ్లి కనుక్కోవాలి. ప్రతి ఏడాదీ రెన్యువల్ నువ్వే చేసుకోవాలి. కూలికి వెళ్లే అమ్మను ఆఫీసుల చుట్టూ తిప్పకు. ఒక పూట కూలి పోతే ఆ ఇంట్లో ఏం తగ్గుతుందో నాకు తెలుసు, నీకూ తెలుసు. ఆ కాగితాల పని నీది.

ఇక ఇంజినీరింగ్ సంగతి. "ఫీజు సర్కారే కడుతుంది కదా, చేరిపో" అంటారు. చేరకు అని నేనంటాను. లెక్కలంటే ప్రాణం ఉంటే చేరు, మంచి కాలేజీలో సీటొస్తే చేరు. ఉచితం అన్న ఒక్క కారణంతో మాత్రం వద్దు. అది పూర్తిగా ఉచితం కూడా కాదు. తెలంగాణలో పదివేల ర్యాంకు దాటిన బీసీ విద్యార్థికి సర్కారు ఇచ్చేది ఏడాదికి రూ.35 వేలు. ఫీజు లక్ష ఉన్న చోట మిగతా రూ.65 వేలు మీ నాన్న తేవాలి. బస్సు, హాస్టలు దానికి అదనం. సర్కారు బకాయి పెడితే కాలేజీ నీ మెడ మీద కూర్చుంటుంది. అదే డబ్బు లేకుండా పక్క టౌన్లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీకామ్ చదివి, సాయంత్రం ట్యాలీ నేర్చుకుని, ఆడిటర్ దగ్గర కుదురుకున్న పిల్లల్ని నేను వరసగా చూశాను. "బీకామా?" అని బంధువులు మూతి విరుస్తారు. విరవనీ.

అప్పు తప్పదంటే నీ పేరునే తీసుకో. ఈ మాటకు తల్లిదండ్రులకు కోపం వస్తుంది, "పిల్లాడి నెత్తిన అప్పు పెడతారా" అని. కానీ ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. తండ్రి నోటు రాసిస్తే ఆ వడ్డీ మర్నాటి నుంచే నడుస్తుంది. బ్యాంకు విద్యారుణంలో కోర్సు అయ్యాక మరో ఏడాది వరకు కిస్తీ అడగరు. రూ.7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు అక్కర్లేని గ్యారంటీ పథకం 2015 నుంచి ఉంది. సంతకంలో నాన్న కూడా ఉంటాడు, కానీ తీర్చాల్సింది నువ్వని నీకు తెలిసి ఉంటుంది. అర ఎకరం అమ్మి చదివిస్తానని ఆయన అంటే మాత్రం చేతులు పట్టుకుని ఆపు. అప్పు తీర్చొచ్చు. అమ్మిన పొలాన్ని తిరిగి కొన్నవాళ్లు మా ఊళ్లో ఎవరూ లేరు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఒకటుంది. మొదలుపెట్టిన డిగ్రీని మధ్యలో వదలకు, అది ఎంత పనికిరానిదిగా కనిపించినా సరే. "డిగ్రీలు చదివి ఏం చేస్తున్నారు, ఆటో నడుపుతున్నారు" అని టీ బడ్డీ దగ్గర అనే మాట నేనూ విన్నాను. నిజమే, డిగ్రీ చేతికొచ్చినంత మాత్రాన ఉద్యోగం రాదు. కానీ అది లేకపోతే కొన్ని తలుపులు తట్టడానికి కూడా వీల్లేదు. ఇంటర్‌తో కానిస్టేబుల్ పరీక్ష రాయొచ్చు, ఎస్సైకి డిగ్రీ కావాలి. గ్రూప్-2, బ్యాంకు క్లర్కు, అన్నీ అంతే. ఏ డిగ్రీ అని చాలాచోట్ల అడగరు, ఉందా లేదా అనే అడుగుతారు.

నా దగ్గర సెకండియర్ చదువుతుండగా ఒకమ్మాయికి పెళ్లి చేశారు. "పెళ్లయ్యాక చదువెందుకమ్మా" అని వాళ్ల నాన్న టీసీ అడిగితే నేను ఆపలేకపోయాను. ఆ సంగతి ఇప్పటికీ నన్ను కలచివేస్తుంది. పదకొండేళ్ల తర్వాత ఆమె భర్తకు పక్షవాతం వచ్చింది. ఇద్దరు పిల్లలు, చేతిలో ఇంటర్ మెమో. అప్పుడు సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరింది. మన దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ అది, 1982లో హైదరాబాద్‌లో పెట్టారు. ఆదివారం క్లాసులకు ఆమె వెళ్తే పిల్లల్ని, మంచం మీది కొడుకుని అత్తగారు చూసుకునేది. డ్వాక్రా గ్రూపులో వాళ్లు పరీక్ష ఫీజు సర్దారు. డిగ్రీ, బీఈడీ, రెండోసారికి డీఎస్సీ. ఇప్పుడు జడ్పీ హైస్కూల్లో సోషల్ చెబుతోంది. ఒంటరిగా సాధించిందని ఊరంతా అంటారు. ఆమె మాత్రం మొదటి జీతంతో అత్తగారికి చీర కొన్నది.

ఫెయిలైతే ఇంట్లో చెప్పు, దాచకు. మూడు సబ్జెక్టులు ఉండిపోయాయని చెప్పలేక హాస్టల్లోనే ఉండిపోయి, రెండేళ్లు కాలేజీకి వెళ్తున్నట్టు నటించిన పిల్లవాడు మా వీధిలోనే ఉన్నాడు. తిట్లు ఒక రాత్రివి. సప్లీ ఫీజు కట్టాల్సిన తేదీ మాత్రం దాటిపోతుంది.

చివరి పరీక్ష అయ్యాక నీ ఒరిజినల్స్ తెచ్చుకో. బకాయి ఉందని కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు బిగబట్టుకుంటే, అలా పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పిందని కాగితం మీద రాసి ఇవ్వు. మర్యాదగా, రసీదు తీసుకుని. నోటిమాటగా అడిగితే నిన్ను రేపు రమ్మంటారు. మా చుట్టాలబ్బాయిని ఒక ప్రైవేటు కాలేజీ అలా తొమ్మిది నెలలు తిప్పింది, వచ్చిన ఉద్యోగం పోయింది.

సోమవారం పొద్దున రా. మెమో, టీసీ, కుల ధ్రువపత్రం, పాస్‌పోర్టు ఫొటోలు ఆరు. అమ్మను కూలి మానిపించకు, ఆమె ఆధార్ జిరాక్స్ చాలు.