గుండు బరువు

ఉప్పల్‌లో మెట్రో లైనుకు దగ్గరగా ఉన్న ఒక ఫ్లాట్‌లో, బీరువాకూ గోడకూ మధ్య ఒక పాత కంప్యూటర్ ఉంది. 2003లో ఇంటికి వచ్చిన రోజు నుంచి దాన్ని అందరూ ‘సిస్టమ్’ అనే పిలిచారు. తన గురించి తాను చెప్పుకోవాల్సి వచ్చినా దానికి వేరే పేరు తోచదు. అందుకే ఇది దాని ఆత్మకథే అయినా ఇందులో ‘నేను’ లేదు, సిస్టమే ఉంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మదర్‌బోర్డు ఒక షాపులో, ర్యామ్ ఇంకో షాపులో, క్యాబినెట్ మరో షాపులో కొని బిగిస్తే సిస్టమ్ తయారైంది. పెంటియం 4 ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, 40 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ ఎక్స్‌పీ. పదిహేను అంగుళాల మానిటర్‌ను ఇంటిపెద్ద పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తార్నాక, హబ్సిగూడ మీదుగా ఆటోలో నాచారం తెచ్చాడు. ఆయన నాచారం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో లేత్ మీద టర్నర్. కంప్యూటర్ కొన్నది ఇంజినీరింగ్‌లో చేరిన కూతురి కోసం. కానీ రెండో వారం నుంచి రాత్రి డ్యూటీ లేని రోజుల్లో కీబోర్డు ముందు పిన్‌బాల్ ఆడుతూ కూర్చున్నది మాత్రం ఆయనే.

అప్పటికి ఆయన అసలు పిన్‌బాల్ యంత్రాన్ని చూసి ఎరుగడు. చిన్నప్పుడు జాతరలో మేకులు కొట్టిన చెక్క మీద స్ప్రింగుతో గోళీలు కొట్టడమే తెలుసు. నిజానికి పిన్‌బాల్ పుట్టిందీ అలాంటి బల్ల నుంచే. 1871లో అమెరికాలో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అనే ఆయన బల్లకు స్ప్రింగు పెట్టి పేటెంటు తీసుకున్నాడు. జారిపోయే గుండును ఆటగాడు తిరిగి పైకి కొట్టడానికి రెక్కల్లాంటి ఫ్లిప్పర్లు వచ్చేసరికి 1947 అయింది, గాట్లీబ్ కంపెనీ చేసిన ‘హంప్టీ డంప్టీ’ యంత్రంలో. ఎక్స్‌పీలో ‘స్పేస్ కేడెట్’ అనే పిన్‌బాల్ ఆట తెరిచి, స్పేస్ బార్ నొక్కి పట్టి వదిలినప్పుడు ఆయన చేతికి వచ్చింది ఆ జాతర బల్ల జ్ఞాపకమే.

ఆడటం మొదలుపెట్టిన మూడో రోజు ఆయన ఒక మాటన్నాడు.

“బిడ్డా, ఈ గుండు ఉరుకుతున్నది మంచిగనే. బరువున్నదా మరి?”

“తెర మీది గుండుకు బరువేంది నాన్నా?”

ఆయన జవాబు చెప్పలేదు. మర్నాడు షెడ్డు నుంచి ఒక బేరింగ్ గుండు తెచ్చాడు. కూతురి ఇంజినీరింగ్ డ్రాయింగ్ బోర్డు ఒక చివర ఎనిమిది సెంటీమీటర్లు లేచేలా కింద పుస్తకాలు పెట్టి గుండును వదిలాడు. ఒకసారి కాదు, ఓ పాతికసార్లు. అసలు పిన్‌బాల్ గుండు 27 మిల్లీమీటర్ల ఉక్కు గోళం, 80 గ్రాములు తూగుతుంది. బల్ల వాలు మామూలుగా ఆరున్నర డిగ్రీలు. ఆయనకు ఈ లెక్కలు తెలియవు, అయినా ఆ బోర్డు వాలు ఇంచుమించు అంతే కుదిరింది. డెబ్బై సెంటీమీటర్లు దిగడానికి గుండుకు ఒకటిన్నర సెకను లోపే పట్టింది. ఇక్కడ గమనించాల్సింది దొర్లడం. మంచు మీద రాయిలా జారితే ఎంత వేగం అందుకుంటుందో, దొర్లే గుండు వేగం అందులో ఏడింట ఐదు వంతుల చొప్పునే పెరుగుతుంది. మిగతా శక్తి తన చుట్టూ తాను తిరగడానికి ఖర్చవుతుంది. ఇనుముతో బతికినవాడి కన్ను ఆ తేడాను పట్టేస్తుంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఏ పిన్‌బాల్ ఆటకైనా అదే పరీక్ష అయింది. సిస్టమ్ కూడా దాన్నే తన కొలతగా చేసుకుంది.

స్పేస్ కేడెట్‌ను చేసింది టెక్సస్‌లోని ఆస్టిన్‌కు చెందిన సినిమాట్రానిక్స్. 1995లో విండోస్ 95 కోసం విడిగా అమ్మిన ‘ప్లస్!’ ప్యాక్‌లో అది మొదట కనిపించింది. అదే ఏడు మాక్సిస్ తెచ్చిన ‘ఫుల్ టిల్ట్! పిన్‌బాల్’లో అది మూడు బల్లల్లో ఒకటి. ఎడమ ఫ్లిప్పర్‌కు జెడ్, కుడి ఫ్లిప్పర్‌కు స్లాష్, బల్లను పక్కకు తోయడానికి ఎక్స్, ఫుల్‌స్టాప్. అతిగా తోస్తే టిల్ట్ పడి ఫ్లిప్పర్లు పనిచేయడం మానేస్తాయి. కేడెట్ నుంచి ఫ్లీట్ అడ్మిరల్ దాకా తొమ్మిది హోదాలు. ఆయన కమాండర్ దాకా ఎక్కగలిగాడు. గుండు ఫ్లిప్పర్ మీద ఆగి కుదురుకునే తీరు ఆయనకు నచ్చింది. పైనున్న బంపర్ల మధ్య మాత్రం అది తేలికైపోతుందనేవాడు. సిస్టమ్‌దీ అదే మాట: బల్ల కింది సగంలో గుండు ఉక్కు, పై సగంలో బెండు.

ఆ తేలికకు కారణం లెక్కలో ఉంది. కంప్యూటర్ గుండును నిరంతరంగా కదిలించలేదు. సెకనుకు ఇన్నిసార్లని దాని స్థానం లెక్కగట్టి బొమ్మ గీస్తుంది. గుండు సెకనుకు మూడు మీటర్ల వేగంతో పోతూ లెక్క అరవైసార్లే జరిగితే, ఒక్కో అంగలో ఐదు సెంటీమీటర్లు దాటేస్తుంది. అంటే దాదాపు రెండు గుండ్ల మేర. సన్నటి ఫ్లిప్పర్ ఆ రెండు అంగల మధ్య పడితే గుండుకు అది అడ్డే రాదు. కాబట్టి మంచి ఆట బొమ్మకూ బొమ్మకూ మధ్య ఇంకా ఎన్నోసార్లు లోలోపల లెక్క వేసుకుంటుంది. స్పేస్ కేడెట్ తర్వాతి విండోస్‌లో లేకుండా పోవడానికి కూడా ఇలాంటి చిక్కే కారణం. దాన్ని 64 బిట్‌కు మారుస్తున్నప్పుడు గుండు అడ్డంకులను తాకడం మానేసి వాటి గుండా జారిపోయిందని, వ్యాఖ్యలు లేని పాత కోడ్‌లో తప్పెక్కడుందో దొరకక వదిలేశామని మైక్రోసాఫ్ట్ ఇంజినీరు రేమండ్ చెన్ రాశాడు. 2007లో విస్టా వచ్చినప్పుడు అందులో పిన్‌బాల్ లేదు.

కూతురు పాత డాస్ ఆటలను నడిపే డాస్‌బాక్స్ ఎక్కించాక సిస్టమ్‌కు తనకన్నా పెద్దవాళ్లతో పరిచయమైంది. జేమ్స్ ష్మాల్జ్ 1993లో అసెంబ్లీ భాషలో రాసిన ‘ఎపిక్ పిన్‌బాల్’ మెరుపులా నడిచేది. అందులో ‘ఆండ్రాయిడ్’ బల్ల ఆయన ముందు పరిస్తే రెండు నిమిషాల్లో తేల్చేశాడు: “ఇది పింగ్‌పాంగ్ బాల్ లెక్క ఉన్నది.” స్వీడన్ కుర్రాళ్ల బృందం డిజిటల్ ఇల్యూజన్స్ 1992లో మొదట అమిగా కంప్యూటర్ కోసం చేసిన ‘పిన్‌బాల్ డ్రీమ్స్’ దగ్గర మాత్రం ఆయన గంటసేపు కదల్లేదు. బల్ల మొత్తం తెరలో పట్టదు, గుండు వెంట పైకీ కిందికీ జరుగుతుంది. ఆ ఇబ్బంది ఉన్నా ‘స్టీల్ వీల్’ అనే రైలు బల్ల మీద గుండు ర్యాంపు ఎక్కలేక ఆగి, వెనక్కి మళ్లే క్షణం అచ్చం బేరింగ్ గుండుదే.

అన్నిటికన్నా పైన సిస్టమ్ నిలబెట్టేది 1997 నాటి ‘ప్రో పిన్‌బాల్: టైమ్‌షాక్!’ను. ఒకే బల్ల. కదలని కోణం నుంచి అంతా ఒకేసారి కనిపిస్తుంది. గుండు కింద నీడ, పైన వెలుగు, రబ్బరుకు తగిలినప్పుడు ఒక శబ్దం, ఉక్కుకు తగిలినప్పుడు ఇంకొకటి. ఆయన ఆ రాత్రి చాలాసేపు ఆడకుండా ఊరికే గుండును ఫ్లిప్పర్ మీద పట్టి వదులుతూ చూశాడు. “ఇది గుండు,” అన్నాడు. సిస్టమ్ విన్న అతి పెద్ద మెప్పు అదే.

పూర్వీకుల మాట కూడా చెప్పాలి. 1981లో బిల్ బడ్జ్ ‘రాస్టర్ బ్లాస్టర్’ను యాపిల్ టూ మీద నడిపించాడు. ఆ యంత్రం వేగం ఒక మెగాహెర్ట్జ్ చిల్లర, సిస్టమ్ వేగంలో వెయ్యో వంతు కూడా కాదు. ఆ తర్వాత బడ్జే ‘పిన్‌బాల్ కన్‌స్ట్రక్షన్ సెట్’లో బంపర్లు, ఫ్లిప్పర్లు ఏరుకుని ఎవరి బల్ల వాళ్లు బిగించుకునే వీలు ఇచ్చాడు. ఫ్లైట్ సిమ్యులేటర్ రాసిన బ్రూస్ ఆర్ట్‌విక్ 1982లో ‘నైట్ మిషన్ పిన్‌బాల్’ తెచ్చి అందులో బల్ల గుణాలను మార్చుకోనిచ్చాడు. నాచారానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 అనే దేశీయ కంప్యూటర్‌ను తయారు చేసిన సంగతి సిస్టమ్‌కు తెలుసు. కొద్దిపాటి జ్ఞాపకశక్తితో పెద్ద పనులు చేసినవాళ్లంటే దానికి ఎప్పుడూ గౌరవమే.

కూతురు ఉద్యోగంలో చేరింది. ల్యాప్‌టాప్ వచ్చింది. ఇల్లు ఉప్పల్‌కు మారినప్పుడు మానిటర్ పాతసామాన్లవాడికి పోయింది. సీపీయూను మాత్రం ఆయన ఇవ్వనివ్వలేదు. 2021లో ఒక ప్రోగ్రామర్ స్పేస్ కేడెట్‌ను విడదీసి మళ్లీ కోడ్‌గా రాసి అందరికీ అందించాక అది ఫోన్లలోకీ వచ్చింది. మనవడు తన ఫోన్‌లో చూపించాడు. ఆయన అద్దం మీద బొటనవేళ్లు ఆడించి తిరిగి ఇచ్చేశాడు.

“కొట్టినట్టు తెలుస్తలేదు బిడ్డా.”

మొన్న దసరా సెలవుల్లో కూతురు సిస్టమ్‌ను బయటికి లాగి, దుమ్ము ఊది, ఇంట్లో ఉన్న టీవీకి కలిపింది. లోపలి బ్యాటరీ చచ్చిపోయి తేదీ ఎప్పటికో వెళ్లిపోయింది. ఎఫ్1 నొక్కితే ఎక్స్‌పీ లేచింది. పాత కీబోర్డు మీద జెడ్ అక్షరం చెరిగిపోయి ఉంది, ఆయన వేలు వెతక్కుండానే దాని మీదికి వెళ్లింది. మనవడు బేరింగ్ గుండును అరచేతిలో పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. మొదటి గుండు ఫ్లిప్పర్ల మధ్య నుంచి నేరుగా జారిపోయింది.

“ఇంకా రెండున్నయి,” అని ఆయన స్పేస్ బార్ నొక్కి పట్టాడు.