కవిగారూ, కాస్త ఫ్రేములోంచి జరగండి!

కవిత్వాన్ని జనంలోకి తీసుకెళ్తామని కవులు కంకణం కట్టుకున్నారు. చేతిలో కలం లేదు, సెల్ఫీ కర్ర ఉంది.

వీడియోలో కవిగారు కొండ అంచున నిలబడతారు. పైన డ్రోను, వెనక వేణువు, గాలికెగిరే కండువా. అన్నీ కుదిరాయి. వేణువు హోరులో కవిత ఒక్కటే వినపడలేదు.

కింద మొదటి కామెంటు: "లొకేషన్ ఎక్కడ బ్రో?"

ఫొటో కవితది ఇంకో తంతు. సూర్యాస్తమయం మీద నాలుగు పాదాలు, కింద 'శ్రీశ్రీ' అని పేరు. పాపం ఆయన 1983లోనే పోయారు. వాట్సాప్‌లో రాయడం మాత్రం ఆపలేదు. ఈమధ్య శుభోదయాలూ పంపుతున్నారు!

ఆవిష్కరణ సభలోనూ అంతే. పుస్తకం గుండెలకు హత్తుకుంటారు, అట్ట కెమెరాకు చూపిస్తారు, క్లిక్ అనగానే తిరిగి బల్లమీద పెట్టేస్తారు. పేజీ నలగదు. జేబూ నలగదు.

హాస్యమంటారా? జరుక్‌శాస్త్రి పేరడీకి నవ్వాలంటే అసలు కవిత తెలిసుండాలి. ఇప్పుడా బాదరబందీ లేదు. స్టాండప్ కుర్రాడు మైకు పట్టుకుని "నేనొక కవిని" అంటే చాలు, హాలు పగలబడి నవ్వుతుంది.

1981లో 'ఆకలి రాజ్యం' సినిమాలో కమల్‌హాసన్ శ్రీశ్రీ కవితలు చదివాడు. డ్రోను లేదు, ఆకలి ఉంది. జనానికి కవిత వినపడింది.

కవిగారికి మనవి: వచ్చే వీడియోలో వేణువు కాస్త తగ్గించండి. వీలుంటే కవిత కూడా పెట్టండి.