ఆఖరి రోజు ఎవరి నంబరూ తీసుకోకండి

లండన్‌లో ఎక్కి, యూరప్ చుట్టి, మళ్ళీ లండన్‌లోనే దిగే కుర్రకారు బస్సు టూర్లు చాలావాటికి ఆఖరి రోజు దారి ఒకటే. పొద్దున్నే ఆమ్‌స్టర్‌డామ్‌లో బయలుదేరి, బెల్జియం దాటి, కాలే రేవులో ఓడెక్కి డోవర్‌లో దిగడం. చూసేదేం లేదు, పడుకోమని అందరూ చెప్తారు. పడుకోవద్దని నేనంటాను. బ్రిటన్‌లో చదువుకుంటూ సెలవుల్లో మొదటిసారి ఇలాంటి టూరుకి వెళ్తున్న మన పిల్లల కోసమే ఇది.

ముందు సీటు మారండి. గురక పెడతాడనో, గట్టిగా మాట్లాడుతుందనో టూరంతా మీరు పలకరించని మనిషి ఒకరుంటారు. సరిగ్గా వాళ్ళ పక్కనే కూర్చోండి. స్నేహితుల పక్కన కూర్చుంటే ఆ పూటంతా ఏడుపులు, సెల్ఫీలు, మళ్ళీ కలుద్దామనే ఒట్లతోనే సరిపోతుంది. ఈ మనిషితో ఆ బాధ లేదు. సాయంత్రానికి ఎవరి దారి వాళ్ళదని ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇంటి సంగతులు, చదువుకి చేసిన అప్పు, వీసా భయం అన్నీ బయటికొస్తాయి. యూరప్‌లో మీరు చూసిన ఏ చర్చి కన్నా ఆ కబుర్లే విలువైనవి.

డ్రైవరుకి ఇవ్వదలచుకున్నది కాలే చేరకముందే చేతికివ్వండి. కొన్ని టూర్లలో ఆ బస్సు అక్కడే ఆగిపోతుంది, అవతలి ఒడ్డున వేరే బస్సు వస్తుంది.

కాలేలో అందరూ దిగాలి. ముందు ఫ్రెంచి పోలీసులు, ఆ తర్వాత బ్రిటన్ అధికారులు. ఇంగ్లండ్‌లోకి రానిచ్చే తనిఖీ ఫ్రాన్సు గడ్డ మీదే అయిపోతుంది. ఆస్ట్రేలియా వాళ్ళు చకచకా వెళ్ళిపోతారు. మన పాస్‌పోర్టు చేతికి రాగానే అధికారి పేజీలు తిప్పుతాడు, ఏం కోర్సు, ఎప్పుడైపోతుంది, ఎక్కడుంటున్నావని అడుగుతాడు. కంగారు పడకుండా జవాబు చెప్పి, అవతల మీ కోసం ఎవరాగారో చూడండి. వాళ్ళ నంబరు కూడా తీసుకోకండి. పక్కపక్క సీట్లలో పుట్టిన చనువు ఫోన్లో బతకదు. పుట్టినరోజు శుభాకాంక్షలు, రెండు ఎమోజీలు, ఆపైన ఎవరూ తెరవని గ్రూపు. ఇంత మంచి పరిచయాన్ని అలా చేజేతులా చంపుకోవద్దు.

ఓడ ప్రయాణం గంటన్నర. అందరూ తిండి దగ్గర వరుస కడతారు. మీరు పైకెళ్ళండి. డోవర్ సుద్దకొండలు నూరు మీటర్లకి పైగా ఎత్తున తెల్లగా ఎదురొస్తాయి. గ్రూపు ఫొటోకి పిలిస్తే వెళ్ళకండి, ఫొటోలో మీరు లేకపోతే కొంపలేం మునిగిపోవు. బ్రిటన్ గడియారం గంట వెనక కాబట్టి ఆ రోజుకి మీకు 25 గంటలు. ఆ గంటని ఫోన్‌కి పెట్టకండి.

లండన్‌లో దిగాక పబ్‌కి వెళ్దామంటారు. వద్దు, మళ్ళీ అవే వీడ్కోళ్ళు. చెయ్యి ఊపి ట్యూబ్ స్టేషన్‌కి నడవండి. వేసవిలో అక్కడ సాయంత్రం ఏడంటే మనకి రాత్రి పదకొండున్నర. అమ్మ మేలుకునే ఉంటుంది, మొదటి ఫోన్ ఆమెకి చెయ్యండి.