పల్లం మరిచిన నీరు

కుప్పంలో వాతావరణ మార్పును ఎదుర్కొనే సన్నాహాలు శ్రీశైలం వెనుక జలాల్లో మొదలవుతాయి. అక్కడి నీరు మల్యాల దగ్గర మోటార్ల సాయంతో పైకి లేచి, ఎత్తిపోతల మీద ఎత్తిపోతలుగా రాయలసీమను దాటి కుప్పం చేరుతుంది. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. కుప్పం సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన ఉంది. నీరు పల్లమెరుగునన్న సామెతను ఈ హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం ఇంజనీర్లు కరెంటు బిల్లు మీద తిరగరాశారు. 123 కిలోమీటర్ల కుప్పం బ్రాంచి కాలువకు ఇద్దరు ముఖ్యమంత్రులు స్వాగతం పలికారు. 2024 ఫిబ్రవరిలో రామకుప్పం మండలంలో ఒకరు నీరు వదిలారు, 2025 ఆగస్టులో పరమసముద్రం దగ్గర మరొకరు హారతిచ్చారు. ఈ రెండు వేడుకల నడుమ కృష్ణమ్మ ఎక్కడుందన్నది చదివే పత్రికను బట్టి ఉంటుంది.

పూర్వం ఈ సీమలో సన్నాహమంటే చెరువు. ఏడాది పొడుగునా పారే ఏరు లేదని తెలిసినవాళ్లు వాలు చూసి కట్టలు పోశారు. ఒక చెరువు నిండి మొరవ పోతే ఆ నీరు కింది చెరువుకు, అది నిండితే దాని కింది చెరువుకు. తూము తీసి మూసి, మళ్లకు వంతులవారీగా పారించడానికి నీరుగంటి ఉండేవాడు. అతని కూలి కళ్లంలోనే గింజల రూపంలో ముట్టేది. పాత చిత్తూరు జిల్లాలో ఇలాంటి చెరువులు వేలల్లో ఉన్నాయి. ఇప్పుడు వాటికి నీరు తెచ్చే వంకల్లో చాలావాటికి ప్లాట్ల నంబర్లు పడ్డాయి. రెవెన్యూ రికార్డుల్లో మాత్రం చెరువు నిక్షేపంగా ఉంది. కొండలకు ఇంకా మంచి ఉద్యోగం దొరికింది. అవి ‘కుప్పం గ్రీన్’ గ్రానైటుగా పాలిషై దూరదేశాల వంటిళ్లలో గట్లుగా స్థిరపడ్డాయి.

చెరువు తర్వాతి దశ బోరు. అరచేతిలో లేచి నిలబడిన టెంకాయ పాయింటు చూపుతుంది, తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు బండి దాన్ని నమ్ముతుంది. కింద ఉన్నది గట్టి రాయి. నీరుంటే దాని పగుళ్లలోనే ఉండాలి. ఒక్క పగులు కోసం ఊరంతా పోటీపడితే చివరికి గెలిచేది అప్పు పుట్టినవాడే. వెయ్యి అడుగులకు దుమ్ము లేచిన చోట పక్క పొలం ఆసామి ఇంకో వంద అడుగులు దించుతాడు. 2016 ఆగస్టులో రాయలసీమలో ఎండుతున్న వేరుశనగ మీద రెయిన్‌గన్లతో నీళ్లు చల్లారు. కరువును తరిమికొట్టే ఆ యంత్రానికి ఒకటే లోపం, అది పనిచేయాలంటే ముందు నీళ్లుండాలి.

ఇళ్లూ ముందుకు వెళ్లాయి. మందపాటి మట్టిగోడ, రాతిబండల మిద్దె, పైన సున్నం పోయి, వేసవిలో పెనంలా కాలే కాంక్రీటు వచ్చింది. చల్లని గాలి మంచిదని 20వ శతాబ్దం తొలినాళ్లలో మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి కట్టారు. ఇప్పుడు మదనపల్లెలో ఏప్రిల్ వస్తే ఏసీ మెకానిక్‌కు భోజనానికి తీరిక లేదు. మిద్దెకు తెల్లరంగు వేస్తే ఇల్లు చల్లబడుతుందని 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. సున్నం కొట్టిన తాతలకు విధానపత్రం ఉండాలన్న సంగతి తెలియదు.

కరువు సీమ తయారుచేసుకున్న అసలు సాధనం పుంగనూరు ఆవు. ఎత్తు మూడడుగులు, తినేది కొంచెం, ఎండను ఓర్చుకుంటుంది. 2024 సంక్రాంతికి ప్రధాని నివాసంలో మేత తిన్నాక దాని హోదా మారింది. నగరాల్లో లక్షలు పోసి కొని, హాల్లో టైల్స్ మీద నడిపించి ఫొటోలు తీసుకుంటున్నారు. పుంగనూరు రైతు ఇంటికి అదే ఆవును తిరిగి కొనే స్తోమత లేదు.

2025 జనవరిలో కుప్పం ప్రాంతంలోని నడిమూరులో ఇళ్ల పైకప్పుల మీద సౌర పలకల పథకం మొదలైంది. ఇది మెచ్చుకోదగ్గ పనే. ఎండకు మీటరుంది గనుక లెక్క కుదిరింది. అదే కప్పు మీద పడే వానకు మీటరు లేదు, కాబట్టి అది గొట్టం గుండా మురుగుకాలువలోకి దిగి, వంక పట్టి పాలారు నది చేరి తమిళనాడుకు వెళ్తుంది. 2016లో ఇక్కడ పాలారు మీద ఒక చెక్‌డ్యామును 5 అడుగుల నుంచి 12 అడుగులకు పెంచితే తమిళనాడు సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఇంటి ముందు ఇంకుడుగుంత తవ్వితే ఏ రాష్ట్రమూ కోర్టుకు పోదు, ఏ ముఖ్యమంత్రీ హారతివ్వడానికి రాడు. పలుగు పట్టేవాళ్లు దొరకనిది అందుకే కావచ్చు.