వారంటీకి చెవుడు

ప్రకటనలో కారు కొండలెక్కుతుంది, వాగులు దాటుతుంది. రూపనగుడి నుంచి బళ్లారి వెళ్లొస్తే మాత్రం గేర్‌బాక్స్ గురగురమంటుంది. ‘మీ ఊరి రోడ్డు, మీ ఊరి దుమ్ము సార్!’ అంటాడు సర్వీస్ అడ్వైజర్. ఎన్నిసార్లు తీసుకెళ్లినా జాబ్‌కార్డు మీద ఒకటే మాట: ‘లోపం కనబడలేదు’. ఊరంతటికీ వినబడే మోత, వారంటీ ఉన్నన్నాళ్లూ కంపెనీకి వినబడదు. గడువు తీరిన మర్నాడే చెవులు తెరుచుకుంటాయి, వెంటే ఎస్టిమేటూ వస్తుంది!

లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి బాగుచేయాలని 2021 ఏప్రిల్ నుంచి రీకాల్ నిబంధనలున్నాయి. కానీ ఫిర్యాదులు నిర్ణీత సంఖ్యకు చేరాలి. ఒక్కడి మొర లెక్కలోకి రాదు. 2019 వినియోగదారుల చట్టం నయం, కొన్నవాడు ఉండే జిల్లాలోనే కేసు వేయనిస్తుంది. కంపెనీవారు బళ్లారి వినియోగదారుల కమిషన్‌కు ఆ కారులోనే రావాలని మనవి. దారిలో ఆగిపోతే వాయిదా ఇప్పిస్తాం!