రెండో గుండె ఆత్మకథ

ఈ ఆత్మకథలో ‘నేను’ వినపడదు. కప్ప ఒంట్లోంచి కోసి గాజు గొట్టానికి తగిలించాక ‘నేను’ అనుకోవడానికి ఈ గుండెకు ఏం మిగిలిందని? అయినా కొట్టుకుంటూనే ఉంది. లయ గుండె సొంత ఆస్తి; మెదడు పెట్టిన భిక్ష కాదు.

ఊరు ఆస్ట్రియాలోని గ్రాజ్. ఒట్టో లోవీ అనే ప్రొఫెసరు, ఒక ప్రయోగం కలలోకి రాగా, రాత్రి మూడింటికి లేచి ప్రయోగశాలకు పరుగున వచ్చాడు. ముందు రాత్రి కూడా ఇదే కల వచ్చిందట. చీటీ మీద గిలికి పడుకుంటే, తెల్లారాక తన రాత తనకే అంతుబట్టలేదట. ఎన్నో ఏళ్ల తర్వాత ఆయనే చెప్పిన కథ కాబట్టి కాస్త నగిషీ ఉంటే ఉండొచ్చు. ప్రయోగం మాత్రం 1921లో అచ్చయింది.

వేగస్ నరానికి కరెంటు తగిలిస్తే గుండె నెమ్మదిస్తుందని వెబర్ సోదరులు 1845లోనే చూపించారు. నరం ఆ మాట గుండెకు ఎలా చెబుతుందన్నదే తేలలేదు. లోవీ ముందు రెండు గుండెలున్నాయి. మొదటిదానికి వేగస్ నరం అంటుకునే ఉంది, రెండోదైన దీనికి లేదు. మొదటిదాని నరాన్ని కరెంటుతో రేపాడు, అది మందగించింది. అందులోని ఉప్పునీళ్లు తీసి దీనిలో పోశాడు.

ఇదీ మందగించింది! తనకు లేని నరం ఆజ్ఞ నీళ్లలో కలిసి వచ్చింది. వేగం పెంచే నరాన్ని రేపి ఆ నీళ్లు పోస్తే దడదడలాడింది.

నెమ్మదింపజేసిన ఆ రసాయనం ఎసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. 1936లో లోవీకి, హెన్రీ డేల్‌కు కలిపి నోబెల్ ఇచ్చారు. రెండేళ్లకే నాజీలు లోవీని జైల్లో పెట్టి, ఆ డబ్బు లాక్కుని దేశం దాటించారు.

మనిషి గుండెను దాని మానాన వదిలేస్తే నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది. కూర్చున్నప్పుడు 70 దగ్గర ఆపుతున్నది వేగస్ కళ్లెమే. అందుకే, వేగస్ నరం తెగిపోయే గుండె మార్పిడి చేయించుకున్నవారికి విశ్రాంతిలోనూ నాడి వేగంగానే ఉంటుంది. మెట్లెక్కినా వెంటనే పెరగదు. రక్తంలో ఎడ్రినలిన్ వచ్చేదాకా ఆగాలి. ఈ కప్పగుండెకు వాళ్లు దగ్గరి చుట్టాలు.

పత్తి చేలో ఆర్గనోఫాస్ఫేట్ పురుగుమందు కొట్టే రైతు ఒంట్లోకి విషం ఎక్కితే, ఎసిటైల్‌కోలిన్‌ను విరిచే ఎంజైము మూలపడుతుంది. ఎసిటైల్‌కోలిన్ పోగుపడి నోట చొంగ కారుతుంది, కంటిపాప సూదిమొనంత అవుతుంది, చాలామందిలో గుండె నెమ్మదిస్తుంది. విరుగుడు ఎట్రోపిన్. గ్రాజ్‌లో అది పడ్డాక ఈ గుండె కూడా వేగస్ నీళ్లకు లొంగలేదు. ఆసుపత్రిలో డాక్టరు ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గి, నాడి 80 దాటేదాకా ఎట్రోపిన్ మోతాదు పెంచుతూ పోతాడు.